ఉబ్బకు వేసిన చీర

సత్తమ్మ పోయిన పదకొండో రోజు పొద్దున, అత్త భూమవ్వ ఆమె బట్టల మూట తెచ్చి గడప అవతల నేల మీద పెట్టింది. పోయినవాళ్ల బట్టలు చాకలికి చెందుతాయి. కానీ చేతికి ఇవ్వరు. నేల మీద పెడితే చాకలి ఎత్తుకోవాలి. యాదవ్వ వంగి ఎత్తుకుంది.

"మూడు చీరెలున్నయి. ఎనుకకు తిరిగి సూడకుంట పో," అంది భూమవ్వ.

యాదవ్వ వెనక్కి చూడలేదు. చూడకపోయినా లోపలి నుంచి మగ్గం చప్పుడు చెవిన పడింది. పది రోజులు ఆగిన మగ్గం ఆ పొద్దే మళ్లీ ఆడుతోంది. భూమవ్వ కొడుకు, సత్తమ్మ మగడు రాజయ్య మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, అడ్డపోగు తీసుకుపోయే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు విసురుతున్నాడు.

ఆ ఇంటి బట్టలన్నీ ముందురోజే యాదవ్వ మోసుకుపోయి ఉతికి తెచ్చింది. చావు మైల పోవాలంటే ఇంట్లో ఉన్న ప్రతి బట్టా ఉబ్బకు పడాలి. చౌడు కలిపిన నీళ్లలో ముంచి, పెద్ద బాన మీద కుప్పగా పేర్చి, కింద మంట పెట్టి పూటంతా ఆవిరి పట్టిస్తే బట్టలో దాగిన జిడ్డూ మురికీ కారిపోతాయి. సత్తమ్మ కప్పుకున్న దుప్పటి, తల కింద పెట్టుకున్న మెత్త, ఆమె నాలుగేళ్ల బిడ్డ లస్మి వేసుకునే రెండు గౌన్లు, అన్నీ అలా ఉబ్బకు పడ్డవే. ఈ మూడు చీరలు మాత్రం పడలేదు. ఇవి ఇక ఆ ఇంటివి కావు గనక వీటి మైల సంగతి ఆ ఇంటికి పట్టదు.

యాదవ్వకు ఉన్నది ఒకటిన్నర చీర. ఒకటి ఒంటి మీద ఉంటే మిగిలిన సగం బండ మీద ఆరుతూ ఉంటుంది. ఊరందరి బట్టలూ ఆమె చేతుల మీదుగానే తెల్లబడి పోతాయి గానీ, అవి వాళ్ల ఇళ్లకు పోయేవే తప్ప తన ఒంటికి వచ్చేవి కావు. ఆ రోజు గంగ ఒడ్డున (గోదావరిని ఆ ఊళ్లో గంగ అనే అంటారు) బట్టల మోపు దించుతుంటే కట్టుకున్న చీర మోకాలి దగ్గర బండ అంచుకు పట్టుకుని, సర్రున కింది దాకా చీలిపోయింది. కుట్టు వేద్దామంటే కుట్టుకు ఆగే నూలు లేదు.

ఆమె సత్తమ్మ మూట విప్పింది. రెండు చీరలు జల్లెడలా ఉన్నాయి. మూడోది గట్టిది. చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు. రాజయ్య చేతి నేతే. సావుకారు కోసం నేశాడు గానీ, కొంగు దగ్గర వేరే నూలు కండె పడి బెత్తెడు మేర పచ్చ ముదురైపోయింది. సావుకారు వద్దన్నాడు. అలా అది సత్తమ్మకు దక్కింది. నేసేవాళ్ల ఇంట్లో ఆడవాళ్లకు కొత్త చీర దొరికేది అలాగే.

ఆ చీరను నాలుగేళ్లుగా యాదవ్వ ఉతుకుతూనే ఉంది. నిప్పురవ్వ పడి కాలిన చోట చిన్న మాసిక. ఒడిలో పడే చోట నూలు పలచబడి, తేనె రంగు మరక. సత్తమ్మ పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు పసరూ తంబాకు పొడీ ఆ చోట పోగుపోగులోకీ ఇంకాయి. ఆ వాసన ఒట్టి నీళ్లకు పోయేది కాదు.

యాదవ్వ చీరను రెండుసార్లు జాడించి, పిండి, గాలికి పట్టి, తడి పూర్తిగా ఆరకముందే కట్టుకుంది. పక్క బండ మీద ఆమె మగడు అంతయ్య ధోవతులు ఉతుకుతున్నాడు.

"ఏందే, బీడీల కార్ఖాన నడిసొచ్చినట్టున్నది," అన్నాడు.

"నువ్వు తాగంగ రాని వాసన నేను కడితె వచ్చిందా? ఊకో. మల్ల ఉబ్బ పెట్టిననాడు ఏస్త తియ్యి."

"కడితె కట్టినవు గని, సత్తమ్మ నా చీరెయ్యే అనుకుంట ఎంట వస్తదేమో సూసుకో."

"రానియ్యి. నాకు ఆసరైతది. నీకంటె మంచిగనే పిండుతది," అంది యాదవ్వ. అంతయ్య నవ్వాడు. నవ్వాక ఇద్దరికీ ఏదోలా అనిపించి, ఎవరి బండ మీదికి వాళ్లు వంగారు.

సాయంత్రం యాదవ్వ ఇల్లిల్లూ తిరిగి ఉతికిన బట్టలు ఇచ్చి, గిన్నెలో బువ్వ వేయించుకుంటుంది. ఆ వేళ భూమవ్వ వాకిట్లోకి వచ్చేసరికి లస్మి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు జొన్న గట్క పళ్లెం. దాని మీద ఈగలు.

"పదకొండొద్దులాయె, కడుపుల గింజ పోతలేదు, నోట మాట లేదు," అంది భూమవ్వ. "పాలు పోస్తె నోట్లె పెట్టుకోని ఉంచుతది. కొడితె ఏడ్వదు. ఏడ్సినా బాగుండు."

యాదవ్వ అటు తిరిగి, వంగి, అరుగు మీద బట్టలు లెక్కపెట్టి పెడుతోంది. వెనక చీర బరువైనట్టు అనిపించింది. తిరిగి చూస్తే లస్మి. రెండు పిడికిళ్లతో కుచ్చిళ్లు పట్టుకుని, ముఖం బట్టలో దాచుకుని నిలబడింది. యాదవ్వ ముఖం వైపు చూడలేదు.

"ఏందమ్మా?" అంది యాదవ్వ. పిల్ల పిడికిళ్లు ఇంకా బిగించింది. యాదవ్వ మెల్లగా కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్లోకి ఎక్కి, చీర పలచబడ్డ చోట చెంప ఆనించి పడుకుంది. భూమవ్వ గట్క పళ్లెం తెచ్చి చేతికి ఇచ్చింది. యాదవ్వ ఒక ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. పిల్ల కళ్లు మూసుకునే నోరు తెరిచింది. ఆరు ముద్దలు తిన్నది.

భూమవ్వ ముక్కు చీదుకుని, "రేపు గూడ జర పొద్దుండంగనే రావే," అంది.

మర్నాడు యాదవ్వ పెందలాడే పోయింది. ఆ మర్నాడు కూడా. ఆమె వాకిట్లో అడుగు పెట్టడమే ఆలస్యం, పిల్ల పరుగున వచ్చి ఒడిలో తల దూర్చేది. తిన్నాక అలాగే కునుకు తీసేది. యాదవ్వ కాళ్లు తిమ్మిరెక్కినా కదిలేది కాదు. మిగతా ఇళ్లవాళ్లు, "ఏందే, పొద్దుగూకినంక వస్తున్నవు, మా బువ్వ చేదైందా?" అని దెప్పితే, వినపడనట్టు గిన్నె చాపేది. పిల్లకు ఈ చిలకపచ్చ రంగు మీద, ఈ ఎర్ర అంచు మీద ఇంత ఆశ ఎక్కడిదో అని తనలో తాను అనుకునేది.

నాలుగో రోజు పొద్దున ఉతుకు బట్టల కోసం వచ్చినప్పుడు జరిగింది అది. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి, వాకిట్లో మనుషులు నడుము కింది నుంచే కనిపిస్తారు. పైన చూరు అడ్డం. యాదవ్వ ఆ చిలకపచ్చ చీరతో వాకిలి దాటి నీళ్ల కుండ పక్క నుంచి పోతోంది. నాడె చప్పుడు ఆగింది.

"జర మంచినీళ్లు తే," అన్నాడు రాజయ్య లోపలి నుంచి. మామూలుగా, పోగు ముడేస్తూ అన్న మాట అది.

యాదవ్వ అక్కడే ఆగిపోయింది. తాను చాకలిది. ఆ కుండలో చెయ్యి పెట్టేది కాదు. వాకిట్లో ఇంకెవరూ లేరు. కాసేపటికి లోపల ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడైంది. రాజయ్య గుంటలో నుంచి లేచి, ఆమె వైపు చూడకుండా, దొడ్డి దారిన బయటికి వెళ్లిపోయాడు. మగ్గం మీద పోగులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సాయంత్రం భూమవ్వ ఆమెను వాకిలి బయటే ఆపింది.

"యాదీ, నీ పుణ్యాన పొల్ల నాలుగు ముద్దలు తిన్నది. కాదన. గని గా చీరె కట్టుకోని మా ఇంటికి రాకు. వాడు పొద్దటి సంది మగ్గమెక్కలే. అన్నం ముందల కూసోని లేసిపోయిండు. మీదికెల్లి వచ్చే బేస్తారం నాడు కోరుట్లోల్లు ఇల్లు సూడ వస్తుండ్రు. సచ్చినదాని చీరె వాకిట్ల తిరుగుతుంటె పిల్లనెవలిస్తరు?"

"మరి పొల్ల, పెద్దమ్మా?"

"పొల్ల మరుస్తది. మరవకపోతె వచ్చేదాన్ని అవ్వా అని పిలుస్తదా?"

ఆ ఊళ్లో పిల్లలు తల్లిని పిలిచేది అవ్వా అనే. లోపలి నుంచి లస్మి అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. యాదవ్వ గిన్నె పట్టుకుని గబగబ వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె చీలిన చీరను రెండు పక్కల నుంచి లాగి, లావు కుట్లు వేసి కట్టుకుని వచ్చింది. గిన్నె చప్పుడు విని లస్మి పరుగున వచ్చి, మూడడుగుల దూరంలో ఆగింది. చీర వైపు చూసింది. తర్వాత ఒక పక్కకు వంగి యాదవ్వ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అని చూసింది. ఎవరూ లేరు. వెనక్కి వెళ్లి గోడ దగ్గర కూర్చుంది.

"నేనేనమ్మా, రా," అని యాదవ్వ చెయ్యి చాపింది. ఇన్ని రోజులూ ఒళ్లో పడుకున్న పిల్ల తనను ఎన్నడూ చూడనట్టు చూసింది. యాదవ్వకు మనసు నొచ్చింది. కానీ పసిపిల్ల మీద అలగడమేమిటని తనను తానే తిట్టుకుంది.

ఆ పూటా, మర్నాడూ పిల్ల గింజ ముట్టలేదు. మూడో నాటికి జ్వరంతో ఒళ్లు కాలింది. మగ్గం గుంట అంచున చాప మీద వేసుకుని, రాజయ్య ఒక చేత్తో నాడె ఆడిస్తూ, మధ్యమధ్య నుదురు ముట్టి చూస్తున్నాడు. భూమవ్వ తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది. బేస్తారం (గురువారం) ఇంకా నాలుగు రోజులు. వచ్చేవాళ్లు ఈ పిల్లను చూసి ఏమంటారోనన్న బెంగ ఒకటి, పిల్ల దక్కుతుందో లేదోనన్న బెంగ ఒకటి. ఏది ముందో ఆమెకే తెలియలేదు.

యాదవ్వ గడప అవతల నిలబడి చెప్పింది. "పెద్దమ్మా, ఒక్క మాట. నేను కట్టుకొని తిరుగుతెనే గద మంచిది కాదన్నవు. గా చీరెను పొల్లకు బొంత కుడుత. కింద పరిస్తె ఎవలకు కనబడది. పాత చీరెల బొంతలు లేని ఇల్లేడున్నది?"

"ఒక్కపారి గడప దాటిచ్చిన బట్ట మల్ల లోపలికి రాదు యాదీ. నీకు ఎరక లేదా?"

"ఎరుకే. అందుకే అడుగుతున్న."

గుంటలో నుంచి రాజయ్య మాట్లాడాడు. అన్ని రోజుల్లో అతను యాదవ్వ ముందర తెలిసి మాట్లాడిన మొదటి మాట అది. "ఉబ్బకేస్తె మైల పోతది గదనే అవ్వ. ఇల్లంత గట్లనే సుద్ధమాయె గద."

భూమవ్వ పిల్ల వైపు చూసింది. పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. ఆ నుదుటి మీద చెయ్యి వేసి అంది. "రెండు మార్లు ఉబ్బకెయ్యాలె. ఒకసారి గాదు. సచ్చినదాని ఆనవాలు సుంతంత గూడ ఉండొద్దు. అట్లయితెనే గడప దాటనిస్త."

"మూడు మార్లేస్త," అంది యాదవ్వ.

అంత శ్రద్ధగా ఆమె పట్టుబట్టలు కూడా ఉతకలేదు. కొత్త చౌడు తవ్వి తెచ్చి, నానబెట్టి, తేట నీళ్లు వంపుకుంది. చిలకపచ్చ చీరతో పాటు, లోపలి పొరలకు పనికొస్తాయని సత్తమ్మవే మిగతా రెండు చీరలనూ అందులో ముంచింది. బాన మీద పేర్చి, పైన గోనె కప్పి, పొయ్యిలోకి కంపకట్టెలు తోస్తూ కూర్చుంది. తీసి, బండ మీద కొట్టి, గంగ నడిమి దాకా దిగి పారే నీళ్లలో జాడించి, మళ్లీ ఉబ్బకు వేసింది. మూడోసారి పిండినప్పుడు నీళ్లు కొబ్బరినీళ్లలా తేటగా దిగాయి. ఒడి దగ్గరి తేనె రంగు మరక, నాలుగేళ్లుగా తన చేతులకు లొంగనిది, ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

"అన్ని మడతలేసి పొల్లకు కుడితె, నీ ఒంటికేది?" అన్నాడు అంతయ్య.

"నా ఒంటికేమాయె? సూది ఉన్నది, దారమున్నది."

"కుట్టంగ కుట్టంగ నీ చీరెల దారమే మిగులుతది, చీరె ఉండది."

"అప్పుడు నువ్వే నేసిద్దువు తియ్యి," అంది. అంతయ్య బీడీ ముట్టించుకుని అటు తిరిగాడు.

రెండు రోజులు మధ్యాహ్నపు ఎండలో, బట్టలు ఆరే వేళ, తుమ్మ నీడన కూర్చుని ఆమె బొంత కుట్టింది. చినిగిన రెండు చీరలు లోపలికి, చిలకపచ్చది పైకీ కిందికీ. ఎర్ర అంచు నుంచి లాగిన పోగులనే దారంగా పేనుకుంది. ఒడిలో పడే మెత్తటి చోటు సరిగ్గా పిల్ల తల పెట్టే దగ్గరికి వచ్చేలా మడత తిప్పింది. ముదురు పచ్చ చార కాళ్ల వైపు వచ్చింది. కుట్టు పక్కన కుట్టు, బియ్యపు గింజంత ఎడం. పూర్తయ్యాక దులిపి, ఒకసారి చెంపకు ఆనించుకుంది. ఎండ వెచ్చదనం తప్ప ఏమీ లేదు.

అంతయ్య కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "నీ బీడీల కార్ఖాన మూతబడ్డదే," అన్నాడు. ఆమె మురిసిపోయింది.

బుధవారం సాయంత్రం బొంత తీసుకుని పోయింది. భూమవ్వ గడప మీదే ఆపి, మడత విప్పి, నాలుగు మూలలా వాసన చూసింది. వెలుతురుకు పట్టి చూసింది. "అద్దం లెక్క తీసినవే. ఇది దాని చీరె అంటె ఎవలు నమ్ముతరు," అని పక్కకు జరిగింది.

రాజయ్య గుంటలో నుంచి పైకి వచ్చి తానే బొంత పరిచాడు. లస్మి చాప మీద నుంచి తల ఎత్తి చూసింది. చిలకపచ్చ రంగు కనబడగానే లేవబోయింది. లేవలేక చేతుల మీద పాకుతూ వచ్చింది. యాదవ్వ ముందుకు వంగింది.

పిల్ల సరిగ్గా ఆ మెత్తటి చోటే వెతికి పట్టుకుని ముఖం అందులో పెట్టింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత ముఖం ఎత్తింది. ఇంకొంచెం పక్కన పెట్టింది. ఎత్తింది. పాకుతూ ఒక మూలకు పోయి అక్కడ ముక్కు ఆనించింది. రెండో మూల. మూడో మూల. బొంతను తిరగేయడానికి చూసింది, బరువుకు చేతకాలేదు. రాజయ్య తిరగేసి ఇచ్చాడు. అటువైపు కూడా మూలమూలా వెతికింది. తర్వాత యాదవ్వ దగ్గరికి పాకి వచ్చి, కుట్లు వేసిన పాత చీరను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని వాసన చూసి, వదిలేసింది.

అప్పుడు తెలిసింది యాదవ్వకు. పిల్ల రంగును పట్టుకోలేదు, అంచును పట్టుకోలేదు, తనను అసలే పట్టుకోలేదు. తంబాకునూ, తునికాకునూ, వాటి కింద ఉన్న సత్తమ్మనూ పట్టుకుంది. దుప్పటిలో నుంచీ, మెత్తలో నుంచీ, ఆ పసిదాని గౌన్లలో నుంచీ సత్తమ్మను పదో రోజున తన చేతులే తీసేశాయి. ఒక్క ఈ చీర మిగిలితే, దాన్నీ మూడుసార్లు ఉబ్బకు వేసింది. రెండు చాలంటే మూడు వేసింది. పోనీ ఇంకేదైనా ఉందా అని మనసులోనే ఆ ఇల్లంతా వెతికింది. మిగతా రెండు చీరలు కూడా ఈ బొంతలోనే ఉన్నాయి, ఇంతే శుభ్రంగా.

"ఇగో సూడు బిడ్డా," రాజయ్య పిల్లను దగ్గరికి తీసుకుని బొంత మీది ముదురు పచ్చ చార చూపించాడు. అతని వేలు ఆ చార మీద పోగు వెంట పోగు నడుస్తోంది. "ఇక్కడ నేను తప్పు నేసిన. అవ్వ నన్ను సూసి నవ్వింది. అవ్వదే ఇది."

"అవ్వది గాదు," అంది లస్మి. పోరుపెట్టినట్టు కాదు, తెలిసిన సంగతి చెప్పినట్టు అంది. సత్తమ్మ పోయాక పిల్ల నోట మాట రావడం అదే మొదలు.

తర్వాత బొంత మీదే, గోడ వైపు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. కాసేపటికి నిద్రపోయింది.

"పండుకున్నది," అని గుసగుసగా అంది భూమవ్వ. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "మాట గూడ వచ్చింది. నీ చేతుల ఏమున్నదోనే యాదీ, ఇన్నొద్దులకు నిమ్మలంగ పండుకున్నది."

రాజయ్య యాదవ్వ వైపు నేరుగా చూశాడు. "మంచిగ కుట్టినవు యాదక్కా," అన్నాడు.

యాదవ్వ చెప్పాలని నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఎవరికి ఏం ఒరుగుతుంది? ఆమె చీర మీద కుట్టు ఒకటి ఊడితే, దాన్ని వేళ్లతో పట్టుకుని, గిన్నె అక్కడే మరిచి వాకిలి దాటింది. భూమవ్వ వెనక నుంచి పిలిచి గిన్నె నిండా అన్నం పెట్టి ఇచ్చింది. గట్క కాదు, వరి అన్నం.

బేస్తారం నాడు కోరుట్లవాళ్లు వచ్చారు. ఇల్లు చూశారు, మగ్గం చూశారు, పిల్లను చూశారు. పిల్ల వాళ్లిచ్చిన పుట్నాలు తీసుకుని తిన్నదని, అడిగితే పేరు చెప్పిందని, వచ్చే నెలలో ముహూర్తమని ఊళ్లో చెప్పుకున్నారు.

శుక్రవారం పొద్దున యాదవ్వ ఉతుకు బట్టల కోసం పోయింది. మగ్గం ఆడుతోంది. భూమవ్వ ముఖం తేటగా ఉంది. పెట్టె అడుగున దాచుకున్న తన పాత చీర ఒకటి తెచ్చి ఈసారి చేతికే ఇచ్చింది. "కట్టుకో. నీ రుణం ఎట్లనన్న తీరాలె గద," అంది. యాదవ్వ తీసుకుని మోపులో పెట్టుకుంది. మోపు తల మీదికి ఎత్తుకుని తిరిగింది.

గడప మీద లస్మి కూర్చుని జొన్నరొట్టె తింటోంది. చిన్న ముక్కలు తుంచి, బాగా నమిలి, మింగి, మళ్లీ తుంచుతోంది. జ్వరం పోయింది. అడుగుల చప్పుడుకు తల ఎత్తింది. యాదవ్వ నిలబడిపోయింది. పిల్ల ఆమె వెనక ఎవరున్నారో అని చూడలేదు. చీర వైపు చూడలేదు. మోపు వైపు చూసి, అది తనకు తగులుతుందని తోచినట్టుంది, రొట్టె పళ్లెం ఒళ్లోకి తీసుకుని, దారిన పోయే ఎవరికైనా జరిగినట్టే పక్కకు జరిగి దారి ఇచ్చింది.